స్టార్టింగ్‌లోనే ఆగిపోయే పాత కంప్యూటర్: తరచుగా అడిగే ప్రశ్నలు

సికింద్రాబాద్‌లో మా కాలనీలోనూ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలోనూ ఎవరింట్లో పాత కంప్యూటర్ మొరాయించినా నాకు కబురొస్తుంది. ఇది నా ఉద్యోగం కాదు, ఇష్టంతో చేస్తున్న పని. పదేళ్లు దాటిన డెస్క్‌టాప్‌లే ఎక్కువ చూస్తుంటాను. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నల్ని, నేను చెప్పే జవాబుల్ని ఇక్కడ ఒకచోట రాసిపెడుతున్నాను. కంప్యూటర్ అన్నచోటల్లా డెస్క్‌టాప్ అనే అనుకోండి.

ఆన్ అవుతుంది కానీ మధ్యలో ఆగిపోతుంది. అన్నిటికంటే ముందు ఏం చేయాలి?

ఏమీ విప్పకండి. పదేపదే స్విచ్ నొక్కకండి. సరిగ్గా ఎక్కడ ఆగుతోందో చూడండి. స్విచ్ నొక్కిన దగ్గర్నుంచి ఆగేదాకా ఫోన్లో వీడియో తీయండి. రెప్పపాటులో వచ్చి పోయే అక్షరాలు కూడా వీడియో ఆపి చూస్తే దొరుకుతాయి. చాలామంది "హ్యాంగ్ అవుతోందండీ" అని మాత్రమే చెబుతారు. ఎక్కడ హ్యాంగ్ అవుతోందో చెబితే సగం రిపేరు అయినట్టే.

స్విచ్ నొక్కాక కంప్యూటర్ ఒక వరసలో పనులు చేసుకుంటూ పోతుంది. ముందుగా ఎస్ఎంపీఎస్ నుంచి, అంటే గోడ కరెంటుని కంప్యూటర్‌కి సరిపడేలా మార్చే డబ్బా నుంచి, కరెంటు సరిగ్గా వస్తోందా అని మదర్‌బోర్డు (లోపలి భాగాలన్నిటినీ కలిపే పెద్ద బోర్డు) చూసుకుంటుంది. తర్వాత బయోస్ అనే చిన్న ప్రోగ్రాం ప్రాసెసర్‌ని, ర్యామ్‌ని (పని జరిగేటప్పుడు వాడే తాత్కాలిక మెమరీని), డిస్‌ప్లేని, కీబోర్డుని, డిస్కుల్ని ఒక్కొక్కటిగా పలకరిస్తుంది. కంపెనీ లోగో కనిపించేది ఈ సమయంలోనే. ఆ పలకరింపులు అయ్యాక విండోస్ ఏ డిస్కులో ఉందో వెతికి పగ్గాలు దానికి అప్పగిస్తుంది. అక్కడి నుంచి విండోస్ లోగో, తిరిగే చుక్కలు, చివరికి ఐకాన్లుండే తెర (దాన్నీ డెస్క్‌టాప్ అనే అంటారు) వస్తాయి.

కంపెనీ లోగో దగ్గరే ఆగిందంటే విండోస్‌ని అనుమానించడం అన్యాయం. దాని వంతు ఇంకా రానే లేదు. నల్లటి తెర మీద ఒక చిన్న గీత మిణుకుమిణుకుమంటూ ఉండిపోతే డిస్కు దొరకలేదన్నమాట, లేదా దొరికిన డిస్కులో విండోస్ మొదలయ్యే భాగం చెడిందన్నమాట. విండోస్ లోగో దాకా వచ్చి ఆగితే డిస్కు, డ్రైవర్లు (ఒక్కో భాగాన్ని నడిపే చిన్న ప్రోగ్రాములు), ర్యామ్ మీద అనుమానం పెట్టుకోవాలి. డెస్క్‌టాప్ వచ్చాక ఆగితే అన్నిటికంటే తేలిక కేసు.

ఆగినప్పుడు ఇంకో చిన్న పరీక్ష చేయండి. కీబోర్డు మీద నమ్‌లాక్ నొక్కండి. లైటు ఆరి వెలుగుతుంటే యంత్రం బతికే ఉంది, దేనికోసమో ఎదురు చూస్తోంది. లైటు కదలకపోతే చాలాసార్లు పూర్తిగా బిగుసుకుపోయినట్టే.

ఇంత తలనొప్పి ఎందుకు, ఫార్మాట్ కొట్టించేస్తే పోదా?

ఈ ప్రశ్నకు నేను కాస్త ఎక్కువ జవాబే చెబుతాను.

మా నాన్నగారు రిటైరయ్యాక తెలుగు టైపింగ్ నేర్చుకుని తమ ఊరి సంగతులు రాయడం మొదలుపెట్టారు. చెరువు కింద పొలాలు ఎవరెవరివి, ఏ ఇంటిపేరువాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు, పెళ్లిళ్లకు ఏ పాటలు పాడేవాళ్లు, ఇలాంటివి. రెండేళ్లు రాశారు. ఒకరోజు కంప్యూటర్ లోగో దగ్గర ఆగిపోయింది. నేను ఊళ్లో లేను. దగ్గర్లోని ఒక షాపుకి పంపారు. వాళ్లు డేటా గురించి ఒక్క మాట అడగకుండా ఫార్మాట్ కొట్టి, విండోస్ వేసి, సాయంత్రానికి తెచ్చిచ్చారు. రెండు రోజులకి మళ్లీ అదే లోగో దగ్గర ఆగింది. నేను వచ్చి విప్పి చూస్తే ర్యామ్ ముక్క ఒకవైపు పైకి లేచి ఉంది. వేలితో గట్టిగా నొక్కితే టక్కున కూర్చుంది. అంతే జబ్బు. రాసినవాటిలో కొంత భాగం రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తిరిగి దొరికింది, పెళ్లిపాటలు దొరకలేదు. నాన్నగారు వాటిని మళ్లీ రాయలేదు.

అందుకే చెబుతున్నాను. ఫార్మాట్ అనేది విండోస్ పాడైనప్పుడు మాత్రమే పనికొచ్చే మందు. ర్యామ్ వదులైనా, మదర్‌బోర్డు మీది సెల్ అయిపోయినా, ఎస్ఎంపీఎస్ అలసిపోయినా, కేబుల్ చెడినా ఫార్మాట్ వల్ల ఒరిగేది ఏమీ ఉండదు, ఫైళ్లు మాత్రం పోతాయి. డిస్కే చావుబతుకుల్లో ఉంటే దాని మీద కొత్తగా విండోస్ రాయడం దాన్ని ఇంకాస్త ముందుకు తోయడమే.

ఇప్పటికే ఎవరైనా ఫార్మాట్ కొట్టేసి ఉంటే ఆ డిస్కులో ఇంకేమీ దాచకండి, వెంటనే ఆపేయండి. హార్డ్ డిస్కులో పాత ఫైళ్ల మీద కొత్తవి రాయనంతవరకు వాటిని తిరిగి రాబట్టే అవకాశం ఉంటుంది. ఎస్ఎస్‌డీలో, అంటే తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లోనే ఫైళ్లు దాచే డిస్కులో, ఆ ఆశ చాలా తక్కువ. తుడిచేసిన చోట్లను అది తనంతట తనే ఖాళీ చేసుకుంటుంది.

కంపెనీ లోగో దగ్గరే ఆగిపోతోంది. బయోస్‌లోకి వెళ్లడానికి డిలీట్ కీ నొక్కినా ఎఫ్2 నొక్కినా స్పందన లేదు.

వెనకా ముందూ గుచ్చినవన్నీ పీకేయండి. ప్రింటర్, పెన్‌డ్రైవ్, వెబ్‌క్యామ్, ఫోన్ చార్జింగ్ వైరు, కార్డ్ రీడర్, స్పీకర్లు, అన్నీ. మానిటర్, కీబోర్డు, మౌస్ మాత్రం ఉంచండి. ఇప్పుడు ఆన్ చేయండి. పాత బయోస్‌లు చెడిపోయిన పెన్‌డ్రైవ్ ఒకటి గుచ్చి ఉంటే దాన్ని చదవబోయి అక్కడే నిలబడిపోతాయి. ముందు వైపు యూఎస్‌బీ సాకెట్‌లో పిన్నులు వంగి ఒకదానికొకటి తాకినా ఇదే అవుతుంది. పిల్లలున్న ఇళ్లలో ఆ సాకెట్‌లోకి టార్చ్ వేసి చూడండి.

దారికి రాకపోతే తర్వాతి అనుమానం డిస్కు మీద. గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ పక్క రేకు తీయండి. లోపల ఏది తాకే ముందైనా క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో పట్టుకోండి. మన ఎండాకాలపు పొడిగాలిలో ఒంటి మీద చేరే స్థిర విద్యుత్తు చిప్పుల్ని చంపగలదు. ఇప్పుడు హార్డ్ డిస్కుకి వెళ్లే సన్నటి సాటా కేబుల్ తీసేసి ఆన్ చేయండి. లోగో దాటి "బూట్ డివైస్ లేదు" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మెసేజ్ వచ్చిందంటే దోషం డిస్కుదో, కేబుల్‌దో. కేబుల్ మార్చి చూడండి. చాలా చవకైన వస్తువు, ఇంట్లో డీవీడీ డ్రైవ్ ఉంటే దానిదే తీసి పెట్టొచ్చు. డీవీడీ డ్రైవ్‌కీ ఇదే పరీక్ష చేయండి. ఎవరూ వాడని ఆ డ్రైవ్ వల్ల బయోస్ ఇరుక్కుపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను.

రోజూ తేదీ తప్పు చూపించి, ఎఫ్1 నొక్కమంటోంది. కొన్నిసార్లు నీలం తెర వస్తోంది.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి సెల్ ఒకటి ఉంటుంది. పేరు సీఆర్2032, 3 వోల్టులు. వాచీలు బాగుచేసే షాపులో కూడా దొరుకుతుంది. కంప్యూటర్‌కి కరెంటు లేనప్పుడు గడియారాన్నీ బయోస్ సెట్టింగులనూ నిలబెట్టేది అదే. గోడ దగ్గర స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపు ఆ సెల్‌కి పెద్దగా పని ఉండదు. మన ఇళ్లలో పని కాగానే గోడ స్విచ్ ఆపేస్తాం, మంచి అలవాటే, కానీ సెల్ మీద భారం పడేది అప్పుడే. మల్టీమీటర్ (వోల్టులు కొలిచే పరికరం) ఉంటే కొలవండి. 2.8 వోల్టుల కంటే కిందికి దిగితే మార్చేయండి.

తేదీ తప్పయితే ఏమవుతుంది అనుకోకండి. బ్యాంకు సైట్లు, మీసేవ సైటు తెరుచుకోవు. కనెక్షన్ సురక్షితం కాదని బ్రౌజర్ అడ్డుపడుతుంది. భద్రతా సర్టిఫికెట్లకు గడువు తేదీలుంటాయి, మీ గడియారం ప్రకారం అవి ఇంకా పుట్టనే లేదు మరి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. చాలామంది షాపువాళ్లకి కూడా ఇది తట్టదు. సెల్ అయిపోగానే బయోస్ సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి స్థితికి వెళ్లిపోతాయి. అందులో డిస్కుతో ఏ పద్ధతిలో మాట్లాడాలో చెప్పే సాటా మోడ్ ఒకటి. ఏహెచ్‌సీఐ, ఐడీఈ అనేవి ఆ పద్ధతుల పేర్లు. మీ విండోస్ 7ని ఏహెచ్‌సీఐ మోడ్‌లో వేసి ఉండి, సెల్ పోయాక బయోస్ ఐడీఈ మోడ్‌కి మారిపోతే, విండోస్ లోగో కనిపించి వెంటనే నీలం తెర మెరిసి రీస్టార్ట్ అవుతుంది. ఆ తెర మీద 7బీతో ముగిసే కోడ్ ఉంటుంది. వీడియో తీయమని మొదట్లో చెప్పింది ఇలాంటివాటికే. చిలకలగూడలో ఒక రిటైర్డ్ టీచర్‌గారి కంప్యూటర్‌కి సరిగ్గా ఇదే జరిగింది. డిస్కు పోయిందని ఎవరో చెబితే ఆమె కొత్త డిస్కుకి డబ్బులు కూడా సిద్ధం చేసుకున్నారు. సెల్ మార్చి, బయోస్‌లోకి వెళ్లి ఆ ఒక్క సెట్టింగ్ మారిస్తే మామూలుగా తెరుచుకుంది. సెల్ మార్చే ముందు బయోస్ పేజీలన్నీ ఫోన్లో ఫొటోలు తీసి ఉంచుకోండి.

ర్యామ్‌ని రబ్బరుతో తుడిస్తే బాగవుతుందంటారు, నిజమేనా?

నిజమే. ర్యామ్ ముక్క అంచున బంగారు రంగు కాంటాక్టులుంటాయి. హైదరాబాద్ దుమ్ము, వానాకాలపు తేమ కలిసి వాటి మీద సన్నటి పొర కడతాయి. ప్లగ్ పీకి, రెండు వైపులా ఉన్న తెల్లటి క్లిప్పులు బయటికి వంచితే ర్యామ్ దానంతటదే లేస్తుంది. పిల్లలు పెన్సిల్ రాతకి వాడే మెత్తటి రబ్బరుతో కాంటాక్టుల్ని ఒకే దిశలో రుద్దండి. పెన్ను గీతలు చెరిపే గరుకు రబ్బరు వద్దు, బంగారు పూత లేచిపోతుంది. రబ్బరు పొట్టు స్లాటులో పడకుండా దూరంగా కూర్చుని తుడవండి. స్లాటులోకి నోటితో ఊదకండి, తుంపర్లు పడతాయి. శుభ్రమైన పెయింట్ బ్రష్ చాలు. తిరిగి పెట్టేటప్పుడు రెండు క్లిప్పులూ టక్ టక్ అని పడ్డాయో లేదో చూసుకోండి.

రెండు ముక్కలుంటే ఒక్కోటి మాత్రమే పెట్టి ఆన్ చేసి చూడండి. ఒకదానితో వచ్చి ఇంకోదానితో ఆగితే దొంగ దొరికినట్టే, కానీ స్లాటు చెడిందేమో కూడా చూడాలి. మంచి ముక్కని రెండు స్లాటుల్లోనూ పెట్టి పరీక్షించండి. అనుమానం తీరకపోతే మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రాంని పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడవనివ్వండి. పొద్దున్నే ఒక్క ఎర్ర గీత కనిపించినా ఆ ర్యామ్‌ని నమ్మొద్దు. మార్చాలంటే పాత ముక్కని చేత్తో పట్టుకుని వెళ్లండి. డీడీఆర్2, డీడీఆర్3 ఒకదాని స్లాటులో ఒకటి పట్టవు.

బీప్ శబ్దాలు వస్తున్నాయి. వాటికి అర్థం ఉందా?

ఉంది, కానీ బయోస్ కంపెనీని బట్టి మారుతుంది. ఒక్క చిన్న బీప్ చాలావాటిలో అంతా బాగుందనే. ఆగకుండా లేదా వరసగా వస్తుంటే ముందు ర్యామ్‌ని, తర్వాత డిస్‌ప్లే కార్డుని తీసి పెట్టండి. ఎన్ని పొడవు, ఎన్ని పొట్టి అన్నది లెక్కపెట్టి మీ మదర్‌బోర్డు మోడల్ పేరుతో వెతికితే అర్థం దొరుకుతుంది.

ఏప్రిల్, మే నెలల్లోనే ఈ గొడవ. ఎండకి కంప్యూటర్ ఆగిపోతుందా?

బయట 42 డిగ్రీలున్నప్పుడు, పైకప్పు కింద ఉన్న గదిలో, టేబుల్ అరలో ఇరికించిన క్యాబినెట్ లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించండి. ప్రాసెసర్ మీద ఫ్యాన్, దాని కింద అల్యూమినియం రెక్కలు ఉంటాయి. ఆ రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుంటే గాలి ఆడదు. ప్రాసెసర్‌కీ రెక్కలకీ మధ్య ఉండే పేస్ట్ ఏళ్లు గడిచేసరికి ఎండి సున్నంలా పొడి అయిపోతుంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గరికి చేరగానే తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించేస్తాయి, ఇంకా పెరిగితే కంప్యూటర్ ఆరిపోతుంది.

ఒక తేడా గమనించండి. వేడి వల్ల అయితే ఎక్కువగా టక్కున ఆరిపోవడమో, చీమలా నడవడమో ఉంటుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఆన్ చేసిన పది సెకన్లలోనే ఆగితే వేడిని అనుమానించే పని లేదు. ఒక్క సందర్భం మినహాయింపు. పాత ఇంటెల్ ఫ్యాన్లకు నాలుగు ప్లాస్టిక్ కాళ్లుంటాయి. వాటిలో ఒకటి ఊడినా ఫ్యాన్ ఒక పక్కకి ఒరిగి, నిమిషం తిరక్కుండానే ప్రాసెసర్ మరిగిపోతుంది. ఊళ్లు మారి ట్రాలీ ఆటోలో వచ్చిన కంప్యూటర్లలో ఇది మామూలే.

బయోస్‌లో హార్డ్‌వేర్ మానిటర్ అనే పేజీలో ఉష్ణోగ్రత కనిపిస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు 40, 50, ఎండాకాలంలో 60 దాకా ఫర్వాలేదు. 80, 90 చూపిస్తే దుమ్ము దులిపి పేస్ట్ మార్పించండి. బఠానీ గింజంత పేస్ట్ చాలు. దుమ్ము దులిపేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకుని బ్రష్ ఆడించండి, క్యాబినెట్‌ని బాల్కనీలోకి తీసుకెళ్లి చేయండి.

పొద్దున మొదటిసారి ఆగిపోతుంది. మూడు నాలుగుసార్లు ఆపి ఆన్ చేస్తే వస్తుంది, ఇక రోజంతా బాగుంటుంది. ఎందుకిలా?

ఇది ముసలితనపు లక్షణం. ఎస్ఎంపీఎస్‌లోనూ మదర్‌బోర్డు మీదా చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లుంటాయి. లోపలి ద్రవం ఏళ్ల తరబడి ఆరిపోయి, చల్లగా ఉన్నప్పుడు అవి కరెంటుని నిలకడగా ఇవ్వలేవు. కాస్త వేడెక్కాక సర్దుకుంటాయి. అందుకే మూడో ప్రయత్నంలో వస్తుంది. రోజులు గడిచేకొద్దీ మూడు ప్రయత్నాలు ఆరవుతాయి, తర్వాత ఒకరోజు అసలు రాదు. ఈలోపు ఫైళ్లు కాపీ చేసుకోండి.

మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ చుట్టూ ఉన్న డబ్బాల తలలు చూడండి. చదునుగా ఉండాలి. పూరీలా ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా అవి పోయినట్టే. 2000 దశకం మొదటి సగంలో తయారైన బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు చాలా పడ్డాయి, ప్రపంచమంతా ఆ బాధ చూసింది. మంచి టెక్నీషియన్ వాటిని మార్చి టంకం వేయగలడు.

ఎస్ఎంపీఎస్ డబ్బాని మాత్రం దయచేసి మీరు విప్పకండి. ప్లగ్ పీకాక కూడా లోపల ప్రాణం తీసే వోల్టేజీ నిలిచి ఉండొచ్చు. బయోస్‌లోనే 12 వోల్టుల లైను 11.4కీ 12.6కీ మధ్య, 5 వోల్టుల లైను 4.75కీ 5.25కీ మధ్య ఉందేమో చూడండి. ఆ అంకెలు కాస్త అటూ ఇటూ చూపించొచ్చు కాబట్టి అనుమానం ఉంటే మల్టీమీటర్‌తో కొలిపించండి. నిజంగా హద్దు దాటితే ఎస్ఎంపీఎస్ మార్చడమే. దొరికినవాటిలో అతి చవకది కొనకండి. అది చచ్చిపోతూ మదర్‌బోర్డునీ డిస్కునీ వెంట తీసుకెళ్లగలదు.

వానాకాలంలో ఉరుములు, గాలి, కరెంటు పోయి రావడం మనకు తెలిసిందే. యూపీఎస్ ఉందని ధీమాగా ఉండేవాళ్లు దాని బ్యాటరీ ఎప్పుడు మార్చారో గుర్తు తెచ్చుకోండి. బ్యాటరీ పోయిన యూపీఎస్ కరెంటు రెప్ప కొట్టినా కంప్యూటర్‌ని ఆర్పేస్తుంది. విండోస్ మొదలవుతున్న క్షణంలో అలా రెండుమూడుసార్లు ఆరితే ఫైళ్లు చెడిపోవచ్చు.

విండోస్ లోగో కింద చుక్కలు తిరుగుతూనే ఉంటాయి, లోపలికి వెళ్లదు.

చుక్కలు తిరుగుతున్నాయా, మధ్యలో గడ్డకట్టాయా? గడ్డకడితే డ్రైవర్ లేదా ర్యామ్ వైపు చూడండి. తిరుగుతూ ఉంటే కంప్యూటర్ దేనికోసమో కాచుకుని ఉంది, ఆ "దేనికోసమో" పాత కంప్యూటర్లలో ఎక్కువగా హార్డ్ డిస్కే. క్యాబినెట్ ముందున్న ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతూ ఉంటే డిస్కు ఏదో ఒక చోటుని చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది. అప్‌డేట్ వేసుకుంటోందేమో కాబట్టి ఒకసారికి అరగంట ఓపిక పట్టండి. ఆ అరగంటలో క్యాబినెట్‌కి చెవి ఆనించి వినండి. గీరినట్టు, టక్... టక్... అని ఒకే లయలో కొట్టుకున్నట్టు వినిపిస్తే ఓపిక వద్దు, వెంటనే ఆపేయండి. ప్రతి నిమిషం డిస్కు లోపల గాయం పెద్దదవుతుంది. ఫైళ్లు ముఖ్యమైతే దాన్ని ఆన్ చేయకుండా డేటా రికవరీ చేసేవాళ్లకు అప్పగించండి.

శబ్దం లేకపోతే ముందు ఫైళ్లు బయటికి తెచ్చుకోండి. వేరే కంప్యూటర్‌లో లైనక్స్ మింట్ (విండోస్ బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) డౌన్‌లోడ్ చేసి, రూఫస్ అనే ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఆ పెన్‌డ్రైవ్ మన కంప్యూటర్‌కి గుచ్చి, ఆన్ చేయగానే బూట్ మెనూ (దేని నుంచి మొదలవ్వాలో అడిగే జాబితా) తెరవండి. డెల్, గిగాబైట్ అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9, ఏసుస్ బోర్డయితే ఎఫ్8. పెన్‌డ్రైవ్ నుంచే డెస్క్‌టాప్ మొత్తం తెరుచుకుంటుంది, మీరు ఏదీ మార్చనంతవరకు హార్డ్ డిస్కులోని మీ ఫైళ్లు అలాగే ఉంటాయి. ఇన్‌స్టాల్ అన్న గుర్తు జోలికి మాత్రం వెళ్లకండి. ఫోల్డర్లు తెరిచి ఫొటోలు, డాక్యుమెంట్లు బయటి డిస్కులోకి లాగేయండి. ఈ పద్ధతితో ఇంకో ప్రశ్న కూడా తేలుతుంది. లైనక్స్ గంటసేపు హాయిగా నడిచిందంటే ర్యామ్, ప్రాసెసర్, ఎస్ఎంపీఎస్ చాలావరకు బాగానే ఉన్నట్టు, తప్పు డిస్కుదో విండోస్‌దో. లైనక్స్ కూడా మధ్యలో ఆగిందంటే హార్డ్‌వేరే.

ఫైళ్లు చేతికొచ్చాకే మిగతావి. డిస్కుని ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంలో చూడండి. నీలం అయితే ఫర్వాలేదు, పసుపు హెచ్చరిక. రీఎలోకేటెడ్, పెండింగ్ సెక్టార్ల (డిస్కులో చెడిన, సరిగ్గా చదవలేని చోట్ల) లెక్క పెరుగుతూ ఉంటే డిస్కు మార్చాలి. బాగాలేని డిస్కు మీద విండోస్‌లోనే ఉండే డిస్కు పరీక్ష చెక్‌డిస్క్ నడపమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. కాపీ తీయకముందు వద్దు. అది డిస్కు మొత్తాన్ని గంటల తరబడి చదివిస్తుంది, నీరసించిన డిస్కుకి ఆ శ్రమ చాలు ప్రాణం పోవడానికి.

సేఫ్ మోడ్‌లోకి ఎలా వెళ్లాలి? ఎఫ్8 పనిచేయట్లేదు.

తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్‌ని తెరవడాన్ని సేఫ్ మోడ్ అంటారు. విండోస్ 7, ఎక్స్‌పీల్లో ఎఫ్8 పనిచేస్తుంది. విండోస్ 10లో మామూలుగా పనిచేయదు. విండోస్ లోగో రాగానే పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేయండి. ఇలా వరసగా రెండుమూడుసార్లు చేస్తే తర్వాతిసారి ఆటోమేటిక్ రిపేర్ తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆ తర్వాత 4 అంకె. డిస్కు టక్‌టక్‌మంటున్న కంప్యూటర్‌కి ఈ పద్ధతి వాడకండి.

సేఫ్ మోడ్‌లో తెరుచుకుంటే సగం గెలిచినట్టు. ఈమధ్య ఏం వేశారో గుర్తు తెచ్చుకోండి. డిస్‌ప్లే డ్రైవర్, కొత్త ప్రింటర్, రెండో యాంటీవైరస్. ఒకేసారి రెండు యాంటీవైరస్‌లు ఉంటే రెండూ ఒకే ఫైలు కోసం పెనుగులాడి కంప్యూటర్‌ని ఆపేస్తాయి. ఒకటి తీసేయండి. తెలియకపోతే సిస్టమ్ రీస్టోర్‌తో బాగున్న రోజు తేదీకి వెళ్లండి. అప్‌డేట్ తర్వాతే మొదలైతే అదే రిపేర్ తెరలో అప్‌డేట్ తీసేసే ఆప్షన్ ఉంది.

సేఫ్ మోడ్ కూడా క్లాస్‌పీఎన్‌పీ అనే పేరు దగ్గర ఆగుతోంది. ఆ ఫైలు మారిస్తే సరిపోతుందా?

సరిపోదు. విండోస్ 7లో ఆ పేరు, ఎక్స్‌పీలో మప్ అనే పేరు చూసి చాలామంది దాని వెంట పడతారు. తెర మీద కనిపించే చివరి పేరు అప్పటికే లోడయిన ఫైలుది. ఆగింది దాని తర్వాతి పని దగ్గర, ఆ పని పేరు ఇంకా తెర మీదికి రాలేదు. అక్కడ ఆగితే నేను ముందు డిస్కు కేబుల్, తర్వాత డిస్కు, ఆపై ర్యామ్ చూస్తాను.

రీస్టార్ట్ చేస్తే బాగా వస్తుంది. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తేనే ఆగుతుంది.

విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ అన్నా అది పూర్తిగా నిద్రపోదు. లోపలి భాగాన్ని డిస్కులో దాచిపెట్టి, తర్వాత ఆన్ చేసినప్పుడు అక్కడి నుంచి అందుకుంటుంది. పాత డ్రైవర్లకు అది సరిపడదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోట ఆ టిక్ తీసేయండి.

మాది డీటీపీ షాపు. విండోస్ ఎక్స్‌పీ మీద పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అను ఫాంట్లు నడుస్తున్నాయి. కొత్తది కొనమంటున్నారు.

మీ బాధ నాకు తెలుసు. పదిహేనేళ్ల పెళ్లి కార్డులు, కరపత్రాలు, పుస్తకాలు అన్నీ ఆ ఫాంట్లలోనే ఉంటాయి, ఇప్పుడందరూ వాడే యూనికోడ్ పద్ధతిలో తెరిస్తే అర్థంలేని అక్షరాలు కనిపిస్తాయి. ఆ యంత్రాన్ని నిలబెట్టుకోవడంలో తప్పులేదు. కానీ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో మద్దతు ఆపేసింది. కాబట్టి దాన్ని ఇంటర్నెట్‌కి కలపకండి, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు నేరుగా గుచ్చకండి. యంత్రం బాగా నడుస్తున్నప్పుడే డిస్కు మొత్తాన్ని ఇంకో డిస్కులోకి క్లోన్ తీయించి, క్లోన్‌తో ఒకసారి ఆన్ చేసి చూసి, బీరువాలో పెట్టండి. స్టార్టింగ్‌లో ఆగిన రోజున డిస్కు మార్చి పావుగంటలో పని మొదలుపెట్టొచ్చు. ఉట్టి ఫైళ్ల కాపీ మీకు చాలదు, ఫాంట్లు, ప్రోగ్రాములు, ప్రింటర్ సెట్టింగులతో సహా కావాలి.

ఎస్ఎస్‌డీ వేయిస్తే బాగుపడుతుందా?

డిస్కు వల్ల ఆగుతుంటే, మదర్‌బోర్డు బాగుంటే, డబ్బు పెట్టదగిన పని ఇదొక్కటే అంటాను. పన్నెండేళ్ల కంప్యూటర్ కూడా అర నిమిషంలో తెరుచుకుంటుంది. ముందు ర్యామ్, ఎస్ఎంపీఎస్ తేల్చుకుని తర్వాత కొనండి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు అడుగుతుంది, పాత ప్రాసెసర్లను అధికారికంగా ఒప్పుకోదు. ఇంట్లో బ్రౌజింగ్, ఉత్తరాలు, పిల్లల చదువు అయితే లైనక్స్ మింట్ వేయండి. తెలుగు టైపింగ్ కూడా బాగా వస్తుంది.

నావల్ల కాదు, షాపుకే ఇస్తాను. ఎక్కడ, ఎలా?

విడిభాగాలకి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనందరం సీటీసీ అని పిలిచేది. చిన్న ఎలక్ట్రానిక్ సామాన్లకి కోఠీలో గుజరాతీ గల్లీ. ఒక షాపులో చెప్పిన రేటుకే కొనేయకుండా నాలుగు అడుగులు వేయండి.

రిపేరుకి ఇచ్చేటప్పుడు వీడియో చూపించండి. "డేటా కావాలి, అడగకుండా ఫార్మాట్ చేయొద్దు" అని రసీదు మీద రాయించుకోండి, నోటిమాట చాలదు. డిస్కు సీరియల్ నంబర్, ర్యామ్ ముక్కలు ఎన్నో ఫొటో తీసుకోండి. మార్చిన పాత భాగాలు తిరిగి ఇమ్మనండి. "బోర్డు పోయింది" అంటే ఏ పరీక్షతో తేలిందో అడగండి. పని తెలిసినవాళ్లు విసుక్కోకుండా చెబుతారు. జబ్బు డిస్కుది కాదని మీకు తేలిపోయి ఉంటే డిస్కు ఇంట్లోనే విప్పి ఉంచుకుని మిగతాది ఇవ్వడం ఇంకా మంచిది.

ఎప్పుడు వదిలేయాలి?

మదర్‌బోర్డు పోయి, ఆ రకం సెకండ్‌హ్యాండ్‌లో కూడా దొరకనప్పుడు. అప్పుడు కూడా డిస్కు బాగుంటే యూఎస్‌బీ కేసులో పెట్టి బయటి డిస్కుగా వాడుకోవచ్చు. క్యాబినెట్‌ని పాత సామాన్ల బండికి వేసేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికి ఇవ్వండి, పాత బోర్డుల్లో సీసం ఉండొచ్చు. ఇచ్చే ముందు స్టార్ స్క్రూడ్రైవర్‌తో డిస్కుని పట్టి ఉంచే నాలుగు స్క్రూలు తీసి డిస్కు మీ దగ్గర ఉంచుకోండి.